కోకో తోటలు, అడవి నిబంధనలు: తలచని ఫలితాల చరిత్ర

14.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు కింది విషయాలను వివరించగలుగుతారు:
- పశ్చిమ ఆఫ్రికాలో కోకో సాగు అడవిమీద ఎందుకు ఆధారపడింది
- కోకో, భూమి, చెట్లకు సంబంధించిన పాత నిబంధనలు ఎలాంటి తలచని ఫలితాలు ఇచ్చాయి
- అడవుల నరికివేతను అరికట్టడానికి యూరోపియన్ యూనియన్ 2023లో చేసిన నిబంధనలోని ముఖ్యాంశాలు ఏమిటి
- ఆ నిబంధన భారం కోకో సరఫరా గొలుసులో ఎవరిమీద, ఏ విధంగా పడుతుంది

14.1 పరిచయం

మీరు కొనే చాక్లెట్ కాగితం మీద అందులోని కోకో ఏ ఊరి తోటలో పండిందో సాధారణంగా ఉండదు. ప్రపంచంలో పండే కోకోలో సగానికి పైగా ఐవరీ కోస్ట్, ఘనా అనే రెండు పశ్చిమ ఆఫ్రికా దేశాల నుంచే వస్తుంది. అక్కడ దానిని పండించేది ప్రధానంగా పెద్ద ఎస్టేట్లు కాదు. కొద్ది ఎకరాల తోట ఉన్న లక్షలాది చిన్న రైతు కుటుంబాలు.

ఈ రెండు దేశాల్లో అడవి తరిగిపోవడానికి కోకో సాగు ఒక ముఖ్య కారణం. ఐవరీ కోస్ట్ 1960 తరువాత తన అడవిలో అయిదింట నాలుగు వంతులకు పైగా కోల్పోయింది. ఉపగ్రహ చిత్రాల ఆధారంగా 2023లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం, రక్షిత ప్రాంతాల్లో జరిగిన అటవీ నష్టంలో ఐవరీ కోస్ట్‌లో 37 శాతానికి పైగా, ఘనాలో 13 శాతానికి పైగా కోకోతో ముడిపడి ఉంది. అదే సంవత్సరం యూరోపియన్ యూనియన్, అడవి నరికి పండించిన సరుకు తమ మార్కెట్‌లోకి రాకూడదంటూ ఒక నిబంధన చేసింది.

అడవిని కాపాడాలన్న ఉద్దేశాన్ని తప్పుపట్టేవారు తక్కువ. అయితే చరిత్ర విద్యార్థిగా మీరు వేసుకోవలసిన ప్రశ్న మరొకటి ఉంది. నిబంధన కాగితం మీద కోరినది ఏమిటి? తోటలో జరిగినది ఏమిటి? ఈ రెండింటి మధ్య తేడా ఎందుకు వచ్చింది? నిబంధన చేసినవారు ఉద్దేశించకపోయినా, దాని కారణంగానే కలిగే ఫలితాలను ఈ పాఠంలో 'తలచని ఫలితాలు' అని పిలుద్దాం. కోకో చరిత్రలో ఇవి కొత్త కావు. కాబట్టి 2023 నిబంధనను చూసే ముందు, అంతకు ముందరి మూడు నిబంధనలను పరిశీలిద్దాం.

14.2 కోకో, అడవి: విడదీయలేని సంబంధం

కోకో చెట్టు పుట్టిల్లు దక్షిణ అమెరికా. అది పశ్చిమ ఆఫ్రికాకు గినీ తీరంలోని దీవుల మీదుగా చేరింది. గోల్డ్ కోస్ట్, అంటే నేటి ఘనాలో, ఫెర్నాండో పో దీవి నుంచి గింజలు తెచ్చి 1879లో మాంపాంగ్‌లో నాటిన ఘనత టెట్టె క్వార్షీకి దక్కింది. 1911 నాటికే గోల్డ్ కోస్ట్ ప్రపంచంలో అతిపెద్ద కోకో ఉత్పత్తిదారు అయింది. ఇంత వేగంగా పెరగడానికి వలస ప్రభుత్వం కారణం కాదు. స్థానిక రైతులు సొంత పెట్టుబడితో, బంధువులతో కలిసి కొత్త ప్రాంతాలకు వలస వెళ్లి, అడవి భూములు కొని తోటలు వేశారు. పాలీ హిల్ 1963లో ప్రచురించిన పరిశోధన ఈ రైతులు ముందుచూపున్న పెట్టుబడిదారులని నిరూపించింది.

రైతులు కొత్త అడవినే ఎందుకు వెతికారు? అప్పుడే నరికిన అడవి నేలలో సారం ఎక్కువ, కలుపు తక్కువ, తెగుళ్లు తక్కువ. ఇరవై ముప్ఫై ఏళ్ల తరువాత అదే నేలలో మళ్లీ కోకో నాటాలంటే కూలి ఎక్కువ పడుతుంది, ఎరువులు కావాలి, మొక్కలు చచ్చిపోయే ప్రమాదం ఎక్కువ. కొత్త అడవి నేల ఇచ్చే ఈ అదనపు లాభాన్ని ఆర్థికవేత్త ఫ్రాన్స్వా రూఫ్ 'అటవీ భాటకం' అన్న భావనతో వివరించాడు. పాత తోటను బాగుచేయడం కంటే కొత్త అడవి నరకడం చవక అయినంత కాలం కోకో ముందుకు జరుగుతూనే ఉంటుంది. మన ఏజెన్సీ ప్రాంతాల పోడు సాగు గురించి తెలిసినవారికి ఇది త్వరగానే అర్థమవుతుంది. అయితే ఒక తేడా గమనించండి. పోడులో భూమిని కొంతకాలం వదిలి తిరిగి వస్తారు. కోకో సరిహద్దు మాత్రం ముందుకే సాగింది.

ఐవరీ కోస్ట్‌లో ఇదే కథ ఆలస్యంగా, మరింత పెద్ద ఎత్తున జరిగింది. ఫ్రెంచి వలస పాలనలో అక్కడ నిర్బంధ కూలీ ఉండేది. ఆఫ్రికన్ రైతుల తోటలకు కూలీలు దొరికేవారు కాదు. స్వయంగా కోకో తోటల యజమాని అయిన ఫెలిక్స్ హుఫూయే-బ్వానీ 1944లో ఆఫ్రికన్ రైతుల సంఘాన్ని స్థాపించి, నిర్బంధ కూలీని రద్దు చేసే 1946 చట్టాన్ని సాధించాడు. 1960లో స్వాతంత్ర్యం వచ్చాక ఆయనే అధ్యక్షుడయ్యాడు. 1970వ దశకం చివరికి ఐవరీ కోస్ట్ ఘనాను దాటి మొదటి స్థానానికి చేరింది.

14.3 మూడు పాత నిబంధనలు

14.3.1 చెట్లు నరకాలన్న ఉత్తర్వు

1936లో గోల్డ్ కోస్ట్ తూర్పు ప్రాంతంలో కోకో కొమ్మలు ఉబ్బి, చెట్లు క్షీణించే తెగులు కనిపించింది. అది వైరస్ తెగులని శాస్త్రవేత్తలు తేల్చారు. మందు లేదు. తెగులు సోకిన చెట్లను నరకడం ఒక్కటే మార్గం. శాస్త్రం దృష్టిలో ఇది సరైన నిర్ణయమే. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ప్రభుత్వం దీనిని నిర్బంధంగా అమలు చేసింది.

రైతుకు కనిపించింది వేరు. తెగులు సోకినా చెట్టు ఇంకా కొంతకాలం కాయలు కాస్తుంది. ఆ చెట్టు మీద అప్పు ఉండవచ్చు, దానిని పాలుకు చేసే కుటుంబం ఉండవచ్చు. ప్రభుత్వ మనుషులు వచ్చి కాపున్న చెట్టును నరికితే అది రక్షణ కాదు, దోపిడీ అనిపించింది. 1948 ఫిబ్రవరి 28న ఆక్రాలో మాజీ సైనికుల ఊరేగింపు మీద కాల్పులు జరిగి అల్లర్లు చెలరేగాయి. వాటి కారణాలను విచారించిన వాట్సన్ కమిషన్ చెప్పిన అసంతృప్తులలో ఈ చెట్ల నరికివేత కూడా ఉంది. 1951 ఎన్నికల తరువాత అధికారంలోకి వచ్చిన క్వామే ఎన్‌క్రుమా ప్రభుత్వం నిర్బంధాన్ని సడలించింది. తెగులు మాత్రం పోలేదు. నేటికీ ఘనాలో తోటలను దెబ్బతీస్తున్న ముఖ్య కారణాల్లో అది ఒకటి.

14.3.2 సాగు చేసినవాడిదే భూమి

ఐవరీ కోస్ట్‌లో హుఫూయే-బ్వానీ 1963లో, భూమిని సాగులోకి తెచ్చినవాడిదే ఆ భూమి అని ప్రకటించాడు. ఉత్పత్తి పెంచడం, వలస వచ్చేవారిని ఆకర్షించడం దీని ఉద్దేశం. ఉత్తర ప్రాంతాల నుంచి, పొరుగున ఉన్న నేటి బుర్కినా ఫాసో నుంచి లక్షల మంది నైరుతి అడవుల వైపు కదిలారు.

ఈ సూత్రంలో దాగిన అర్థం ఏమిటి? నరకని అడవి మీద ఎవరికీ హక్కు లేదు, నరికితే హక్కు వస్తుంది. అంటే అడవిని నిలబెట్టుకున్నవాడు నష్టపోతాడు. రైతులు అవసరానికి మించి నరికి కోకో మొక్కలు నాటి భూమిని గుర్తు పెట్టుకున్నారు. 1980వ దశకం చివర ప్రపంచ ధరలు పడిపోయి, నరకడానికి అడవి తగ్గినప్పుడు, స్థానికులకూ వలస రైతులకూ మధ్య భూమి తగాదాలు పెరిగాయి. భూ యాజమాన్యాన్ని పౌరులకే పరిమితం చేసిన 1998 గ్రామీణ భూ చట్టం ఈ ఉద్రిక్తతను మరింత పెంచింది. 2002లో మొదలైన అంతర్యుద్ధం వెనుక ఉన్న కారణాలలో భూమి సమస్య ఒకటి.

14.3.3 చెట్టు ప్రభుత్వానిది

మూడోది మరీ ఆశ్చర్యకరమైనది. ఘనాలో 1962 నాటి చట్టం ప్రకారం సహజంగా పెరిగిన కలప చెట్ల మీద అధికారం రాజ్యానిది. రైతు తోటలో ఉన్నా సరే, కలప కంపెనీకి ప్రభుత్వం అనుమతి ఇస్తే అది వచ్చి చెట్టు కొట్టుకుపోవచ్చు. ఆ మహావృక్షం పడేటప్పుడు కింద ఉన్న కోకో చెట్లు విరిగిపోతాయి. రైతుకు కలప డబ్బు రాదు, నష్టం మాత్రం తప్పదు.

అప్పుడు రైతు ఏం చేస్తాడు? కలప జాతి మొక్క చిన్నగా ఉన్నప్పుడే పీకేస్తాడు. లేదా మొదలు చుట్టూ బెరడు తీసి నిలువునా ఎండబెడతాడు. కలపను కాపాడాలని చేసిన చట్టం తోటల్లోని నీడ చెట్లను రైతు చేతనే చంపించింది. ఐవరీ కోస్ట్‌లోనూ ఇలాంటి పరిస్థితే ఉండేది. 2014 అటవీ చట్టంతోనే అక్కడ చెట్టు హక్కు భూమి హక్కుతో ముడిపడింది.

ఈ మూడింటిలోనూ ఒక పోలిక ఉంది. నిబంధన చెట్టునో, నేలనో, తెగులునో చూసింది. వాటి చుట్టూ ఉన్న హక్కులను, అప్పులను, ఖర్చులను చూడలేదు. రైతు తనకు మిగిలిన దారిలో నడిచాడు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
1. 'అటవీ భాటకం' అంటే ఏమిటి?
2. ఘనా రైతులు తమ తోటల్లోని కలప మొక్కలను ఎందుకు తొలగించారు?

14.4 2023 నిబంధన: ముఖ్యాంశాలు

యూరోపియన్ యూనియన్ 2023 మే 31న ఆమోదించిన ఈ నిబంధన అదే ఏడాది జూన్ 29న అమల్లోకి వచ్చింది. ఇది పశువులు, కోకో, కాఫీ, పామాయిల్, రబ్బరు, సోయా, కలప అనే ఏడు సరుకులకూ, వాటితో తయారయ్యే అనేక వస్తువులకూ వర్తిస్తుంది. సరుకు యూరప్ మార్కెట్‌లోకి రావాలంటే మూడు షరతులు నెరవేరాలి.

మొదటిది, 2020 డిసెంబరు 31 తరువాత అడవి నరికిన నేలలో అది పండి ఉండకూడదు. రెండోది, పండిన దేశపు చట్టాలకు లోబడి పండి ఉండాలి. మూడోది, ఈ రెండింటినీ పరిశీలించామని దిగుమతిదారు ప్రకటన సమర్పించాలి. ఆ ప్రకటనలో ప్రతి తోట ఎక్కడుందో అక్షాంశ రేఖాంశాలతో చూపాలి. నాలుగు హెక్టార్లు, అంటే సుమారు పది ఎకరాలు దాటిన తోటకు సరిహద్దు పటం కావాలి. అంతకన్నా చిన్నదానికి ఒక బిందువు చాలు. ఉల్లంఘించిన కంపెనీలకు విధించే జరిమానా గరిష్ఠ పరిమితి, యూరప్‌లో వాటి వార్షిక టర్నోవరులో కనీసం 4 శాతంగా ఉండాలి.

మొదట పెద్ద కంపెనీలకు 2024 డిసెంబరు 30 నుంచి ఈ షరతులు వర్తించాల్సి ఉంది. 2024 డిసెంబరులో ఒకసారి, 2025 డిసెంబరులో మరోసారి గడువును వాయిదా వేశారు. రెండో వాయిదా ప్రకారం పెద్ద, మధ్యతరహా కంపెనీలకు గడువు 2026 డిసెంబరు 30. చిన్న సంస్థలకు 2027 జూన్ 30. ఈలోగా 2025 మేలో దేశాలను ప్రమాద స్థాయిని బట్టి మూడు తరగతులుగా విభజించారు. ఘనా, భారతదేశం తక్కువ ప్రమాద తరగతిలో, ఐవరీ కోస్ట్ సాధారణ తరగతిలో చేరాయి.

14.5 సరఫరా గొలుసులో తలచని ఫలితాలు

14.5.1 ఖర్చు కిందికి జారడం

చట్టం ప్రకారం బాధ్యత యూరప్ దిగుమతిదారుది. కానీ సమాచారం ఉన్నది తోటలో. దిగుమతిదారు ఎగుమతిదారును, అతను సహకార సంఘాన్ని, సంఘం రైతును వివరాలు అడుగుతుంది. తోట కొలవాలి, పేర్లు నమోదు చేయాలి, గింజల బస్తాలను వేరువేరుగా ఉంచాలి. ఈ పనులకయ్యే ఖర్చుకు రైతుకు ధరలో అదనం ఇవ్వాలని నిబంధన ఎక్కడా నిర్దేశించలేదు.

మరో చిక్కు కూడా ఉంది. ఐవరీ కోస్ట్‌లో చాలా కోకో సంఘాల ద్వారా కాక, 'పిస్తర్' అని పిలిచే దళారుల ద్వారా చేతులు మారుతుంది. దళారి మారుమూల పల్లెకు వస్తాడు, రొక్కం ఇస్తాడు, పంటకు ముందు అప్పు కూడా ఇస్తాడు. పది ఊళ్ల గింజలు అతని లారీలో కలిసిపోతాయి. జాడ తెలియని ఈ సరుకును వదిలి, ఇప్పటికే పటాలు సిద్ధంగా ఉన్న సంఘాల దగ్గరే కొనడం పెద్ద కంపెనీకి సులువు. అప్పుడు నష్టపోయేది అడవి నరికిన రైతే కానక్కరలేదు. రోడ్డుకు దూరంగా ఉన్న రైతు, సంఘంలో చేరని రైతు, కాగితం లేని రైతు నష్టపోతాడు.

14.5.2 చట్టబద్ధత అనే రెండో గీటురాయి

ఒక ఉదాహరణ ఊహించండి. ఒక కుటుంబం 1990లో ప్రభుత్వ రిజర్వు అడవిలో కోకో నాటింది. అక్కడ ఇప్పుడు బడి, బావి, సంత ఉన్నాయి. 2020 తరువాత ఒక్క చెట్టూ కొట్టలేదు. మొదటి షరతు ప్రకారం ఈ కోకోకు ఏ అడ్డూ లేదు. రెండో షరతు ప్రకారం మాత్రం అది చెల్లదు, ఎందుకంటే ఆ భూమిలో సాగే చట్టవిరుద్ధం. ఐవరీ కోస్ట్ రక్షిత అడవుల్లో ఇలాంటి కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. 2016లో మాంట్ పెకో జాతీయ వనం నుంచి వేలాది మందిని ఖాళీ చేయించినప్పుడు, వారు చుట్టుపక్కల గ్రామాల మీద పడ్డారు. ఆహారం, ఆశ్రయం కొరవడ్డాయి. మార్కెట్ తలుపు మూసినంత మాత్రాన మనుషులు మాయం కారు. వారు మరొకచోట భూమి వెతుకుతారు, లేదా గింజను మరొకరి పేరుమీద అమ్ముతారు.

పాలుకు చేసేవారి స్థితి కూడా ఇలాంటిదే. ఘనాలో 'అబుసా' పద్ధతిలో తోట చూసేవాడికి పంటలో మూడో వంతు, 'అబును' పద్ధతిలో సగం వస్తుంది. పటంలో తోట యజమాని పేరుమీద నమోదైతే రేపు ఆ నమోదే హక్కు పత్రంగా చెలామణి కావచ్చు. నోటిమాట మీద నడిచిన ఒప్పందం అప్పుడు బలహీనపడుతుంది.

14.5.3 పటం చూసే తప్పు

ఉపగ్రహం పైనుంచి చూస్తుంది. నీడ చెట్ల కింద పెరిగే కోకో తోట దానికి అడవిలాగే కనిపించవచ్చు. నిబంధన నిర్వచనం ప్రకారం ఇలాంటి తోట వ్యవసాయ భూమే. కానీ 2020 నాటి అటవీ పటాల్లో కొన్ని నీడ తోటలు అడవిగా నమోదయ్యాయి. అలాంటి తోటలో తెగులు సోకిన ముసలి చెట్లు తీసి కొత్తవి నాటితే, తెరమీద అది నరికివేతగా కనిపించే వీలుంది. అప్పుడు తాను అడవి నరకలేదని నిరూపించుకోవలసిన భారం చెట్లు పెంచిన రైతు మీదే పడుతుంది. 14.3.3లో చదివిన కలప చెట్ల కథను ఇక్కడ గుర్తుచేసుకోండి.

14.5.4 రెండు మార్కెట్లు, మారని అడవి

ఇంతకు ముందు ధ్రువీకరించిన గింజను, ధ్రువీకరించని గింజను కలిపి రవాణా చేసి, లెక్కల్లో మాత్రమే విడిగా చూపే పద్ధతి ఉండేది. కొత్త నిబంధన అలా కలపడాన్ని ఒప్పుకోదు. దానితో జాడ తెలిసిన గింజ యూరప్‌కు, తక్కినది మరో దేశానికి వెళ్లే అవకాశం ఉంది. ఇప్పటికే ఉన్న మంచి సరుకును యూరప్ వైపు మళ్లిస్తే షరతు నెరవేరుతుంది. అడవిలో మాత్రం ఏమీ మారకపోవచ్చు.

మరో విషయం. నిబంధన దృష్టిలో అటవీ నిర్మూలన అంటే అడవిని వ్యవసాయ భూమిగా మార్చడం. ఘనాలో 'గలామ్సే' అని పిలిచే అక్రమ బంగారు తవ్వకాలు అడవులనూ కోకో తోటలనూ గుంతలుగా మారుస్తున్నాయి. అది వ్యవసాయం కాదు కనుక ఈ లెక్కలోకి రాదు. కోకో మీద ఆదాయం తగ్గి, కాగితాల భారం పెరిగితే, తోటను తవ్వకందారుకు అమ్మేయడం రైతుకు మరింత ఆకర్షణీయం అవుతుంది.

14.5.5 ధర అనే మరచిన ప్రశ్న

2019లో ఘనా, ఐవరీ కోస్ట్ కలిసి టన్నుకు 400 డాలర్ల అదనపు ధరను ప్రకటించాయి. రైతు బతుకు మెరుగుపరచడం దాని ఉద్దేశం. కొనుగోలుదారులు ఆ అదనం చెల్లిస్తూనే, నాణ్యతకూ దేశానికీ ఇచ్చే వేరే అదనాన్ని తగ్గించారు. ఫలితంలో చాలా భాగం కరిగిపోయింది. 2024లో ప్రపంచ ధర టన్నుకు 10,000 డాలర్లు దాటింది. ఘనాలో రైతు ధరను ప్రభుత్వం ముందే నిర్ణయిస్తుంది కనుక ఆ పెరుగుదల రైతుకు వెంటనే అందలేదు. దానితో గింజలు సరిహద్దు దాటి పొరుగు దేశాలకు దొంగచాటుగా వెళ్లాయి. సరిహద్దు దాటిన బస్తాకు ఏ పటమూ జాడ చెప్పలేదు. ధర సరిగా లేనిచోట జాడ నిలవదని ఇది చూపుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
1. 2020కి ముందే వేసిన తోటలోని కోకో కూడా యూరప్ మార్కెట్‌కు ఎందుకు అనర్హం కావచ్చు?
2. దళారుల ద్వారా జరిగే కొనుగోళ్లు ఈ నిబంధనకు ఎందుకు చిక్కుగా మారాయి?

14.6 మరోవైపు వాదన

పై విషయాలు చదివి నిబంధన వృథా అని తేల్చేయకండి. దశాబ్దాల స్వచ్ఛంద వాగ్దానాలు అడవిని నిలపలేకపోయాయి. 2017లో రెండు దేశాల ప్రభుత్వాలూ ప్రధాన కంపెనీలూ కోకో కోసం కొత్తగా అడవి నరకకూడదని ఒప్పుకున్నాయి, కానీ నష్టం ఆగలేదు. చట్టబద్ధమైన ఒత్తిడి వచ్చాకే రైతుల నమోదు, తోటల పటాలు, గుర్తింపు కార్డులు, ఎలక్ట్రానిక్ చెల్లింపులు వేగం అందుకున్నాయి. కార్డు ఉన్న రైతుకు తూకంలో మోసం, చెల్లింపులో ఆలస్యం తగ్గవచ్చు. అందుకే వాయిదాలను వ్యతిరేకించినవారిలో పర్యావరణ సంస్థలే కాదు, కొన్ని పెద్ద చాక్లెట్ కంపెనీలు కూడా ఉన్నాయి. ముందే ఖర్చు పెట్టి సిద్ధపడినవారికి వాయిదా నష్టం, ఆలస్యం చేసినవారికి లాభం. వాయిదాకు కూడా తలచని ఫలితం ఉంటుందని గమనించండి.

కాబట్టి వాదం నిబంధన ఉండాలా, వద్దా అన్నది కాదు. ఖర్చు ఎవరు భరించాలి, పటం మీద హక్కు ఎవరిది, తప్పు పడితే రైతు ఎక్కడ చెప్పుకోవాలి అన్నవే అసలు ప్రశ్నలు.

14.7 మన ప్రాంతంతో సంబంధం

భారతదేశంలో కోకో ఎక్కువగా పండించే రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. గోదావరి ప్రాంతంలో కోకోను కొబ్బరి, పామాయిల్ తోటల్లో అంతర పంటగా వేస్తారు. ఇక్కడ కోకో కోసం అడవి నరకలేదు. కాబట్టి పశ్చిమ ఆఫ్రికా పరిస్థితిని నేరుగా ఇక్కడికి అన్వయించకూడదు.

అంతకన్నా దగ్గరి సంబంధం అరకు ప్రాంతపు కాఫీతో ఉంది. కాఫీ కూడా ఆ ఏడు సరుకుల్లో ఒకటి. భారత కాఫీకి యూరప్ ప్రధాన మార్కెట్. అరకులో నీడ చెట్ల కింద కాఫీ పెంచేది గిరిజన రైతులు. 2006 అటవీ హక్కుల చట్టం, 2005 డిసెంబరు 13కు ముందు నుంచి సాగులో ఉన్న గిరిజనుల అటవీ భూములకు హక్కు గుర్తిస్తుంది. అంటే మన చట్టానికి ఒక తేదీ, యూరప్ నిబంధనకు మరో తేదీ ఉన్నాయి. రికార్డుల్లో అడవిగా ఉన్న నేల, వాస్తవంలో తోట కావచ్చు. హక్కు పత్రం చేతిలో ఉన్న రైతు తన సాగు చట్టబద్ధమేనని చూపగలడు. పత్రం ఇంకా అందని రైతు సంగతి ఏమిటన్న ప్రశ్నను, 14.5.2లోని ఉదాహరణతో పోల్చి మీరే ఆలోచించండి.

14.8 సారాంశం

కోకో సాగు కొత్త అడవి నేల ఇచ్చే లాభం మీద పెరిగింది. తెగులు చెట్ల నరికివేత, సాగు చేసినవాడిదే భూమి అన్న సూత్రం, చెట్టు మీద రాజ్యాధికారం అనే మూడు పాత నిబంధనలూ తలచని ఫలితాలు ఇచ్చాయి. 2023 నిబంధన దూరపు మార్కెట్ శక్తితో అడవిని కాపాడాలని చూస్తుంది. అయితే దాని ఖర్చు కిందికి జారవచ్చు, కాగితం లేని రైతు మార్కెట్‌కు దూరం కావచ్చు, సరుకు దారి మళ్లవచ్చు. అడవి నరకడం కంటే నిలబెట్టడం రైతుకు లాభం అయినప్పుడే నిబంధన ఉద్దేశం, ఫలితం ఒక్కటవుతాయి.

14.9 ముఖ్య పదాలు

అటవీ భాటకం: కొత్తగా నరికిన అడవి నేల, పాత నేలతో పోలిస్తే ఇచ్చే అదనపు లాభం.
సరఫరా గొలుసు: రైతు నుంచి వినియోగదారుడి వరకు సరుకు చేతులు మారే క్రమం.
గడువు తేదీ: నరికివేతను లెక్కించడం మొదలయ్యే తేదీ. ఈ నిబంధనలో 2020 డిసెంబరు 31.
అబుసా, అబును: ఘనాలో పంటను మూడో వంతు, సగం చొప్పున పంచుకునే పాలు పద్ధతులు.

14.10 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. కోకో, అడవులకు సంబంధించిన పాత నిబంధనలు తలచని ఫలితాలకు ఎలా దారితీశాయో వివరించండి.
2. యూరోపియన్ యూనియన్ 2023 నిబంధన చిన్న రైతుల మీద చూపగల ప్రభావాన్ని విమర్శనాత్మకంగా చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 15 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. 1948 నాటి గోల్డ్ కోస్ట్ అసంతృప్తిలో కోకో చెట్ల నరికివేత పాత్ర ఏమిటి?
2. మీ ప్రాంతంలో ఏదైనా ఒక ప్రభుత్వ నిబంధన తలచని ఫలితం ఇచ్చిన సందర్భాన్ని, ఈ పాఠంలోని ఒక ఉదాహరణతో పోల్చి రాయండి.